బావకి హ్యాన్‌ఫర్డ్‌లో ఉద్యోగం, అమ్మకి టెన్షన్. అణు వ్యర్థాలు "శుభ్రం చేయడం" అంటే అసలు ఏం చేస్తారు?

కడప_తమ్ముడు:

అందరికీ నమస్తే. మాది కమలాపురం దగ్గర పల్లె, ఇప్పుడు కడపలో ఉంటున్నాం. అక్కా బావా పదేళ్లుగా అమెరికాలో ఉన్నారు. బావ ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరు. పోయిన ఏడాది సిటిజన్‌షిప్ వచ్చింది, వచ్చిన కొన్నాళ్లకే వాషింగ్టన్ రాష్ట్రంలో హ్యాన్‌ఫర్డ్ అనే చోట ఉద్యోగం ఖాయమైంది. ఇల్లు రిచ్‌ల్యాండ్ అనే ఊళ్లో చూస్తున్నారు. అక్కకి ఇప్పుడు నాలుగో నెల.

చిక్కెక్కడంటే, బావ వీడియో కాల్‌లో గొప్పగా చెప్పేశాడు, "అత్తా, అది ఒకప్పుడు అణుబాంబుకి మందు తయారుచేసిన జాగా, ఇప్పుడు గవర్నమెంటు క్లీన్ చేయిస్తోంది, ఆ పనిలోనే నేను" అని. అమ్మ పుట్టిల్లు వేముల మండలం, తుమ్మలపల్లెకి దగ్గర. యురేనియం అంటే మా ఇంట్లో పేపర్లో చదివే మాట కాదు, మామయ్య వాళ్లింటికి పోతుంటే దారిలో కనపడే బోర్డు. కాబట్టి ఆమె వెంటనే "ఎప్పటినుంచి క్లీన్ చేస్తున్నారు నాయనా?" అని అడిగింది. 1989 నుంచి అన్నాడు బావ. అంతే, ఫోన్ నా చేతికిచ్చేసి, "ముప్పై ఆరేళ్లు ఊడ్చినా పోలేదంటే అది ఏం చెత్తరా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

నేను చదివినది కామర్స్. తెలిసినవాళ్లు చెప్పండి. అక్కడి నీళ్లు తాగొచ్చా, కడుపుతో ఉన్న మనిషి ఉండొచ్చా, అసలు ఈ క్లీనింగ్ అంటే ఏంటి? గూగుల్‌లో చూస్తే ఒకడు నరకం అంటాడు, ఇంకొకడు ద్రాక్షతోటలు, వైన్ అంటాడు.

ట్రైసిటీస్_పొద్దుటూరు:

తమ్ముడూ, నేను కెన్నెవిక్‌లో తొమ్మిదేళ్లుగా ఉంటున్నా. రిచ్‌ల్యాండ్, కెన్నెవిక్, పాస్కో, ఈ మూడూ కలిపి ట్రైసిటీస్ అంటారు. నేను హ్యాన్‌ఫర్డ్‌లో చేయను, నాది సాఫ్ట్‌వేర్, కానీ మా వీధిలో సగం మంది అక్కడివాళ్లే. నాకు తెలిసింది చెప్తా, కాస్త పొడుగవుతుంది.

ముందు ఊరి సంగతి. అనంతపురం చూసినవాళ్లకి ఇక్కడ కొత్తేం ఉండదు. ఏడాదికి 180 మిల్లీమీటర్లు పడితే పడినట్టు, మన అనంతపురానికి పడేదాంట్లో మూడో వంతు. చుట్టూ ఎండిన తుప్పలు, బోడిగుట్టలు, గాలి. మధ్యలో కొలంబియా అనే పెద్ద నది. 1943లో సైన్యానికి కావాల్సింది సరిగ్గా అదే: జనం తక్కువ, రియాక్టర్లు చల్లార్చడానికి చల్లటి నీళ్లు, కరెంటు. వైట్ బ్లఫ్స్, హ్యాన్‌ఫర్డ్ అనే రెండు రైతు ఊళ్లని కొన్ని వారాల గడువిచ్చి ఖాళీ చేయించారు, ఎందుకో కూడా చెప్పలేదు. 1944 సెప్టెంబరులో బి రియాక్టర్ మొదలైంది, నాగసాకి మీద వేసిన బాంబులో ప్లుటోనియం ఇక్కడిదే. తర్వాత మొత్తం తొమ్మిది రియాక్టర్లయ్యాయి, చివరిది 1987లో ఆగిపోయింది.

ఇప్పుడు చెత్త సంగతి. రియాక్టర్‌లోంచి తీసిన ఇంధనాన్ని యాసిడ్‌లో కరిగించి, అందులోంచి చిటికెడు ప్లుటోనియం తీసుకుని, మిగిలిన ఘాటు ద్రవాన్ని భూమిలో పాతిన ట్యాంకుల్లోకి వదిలారు. 177 ట్యాంకులు, 5.6 కోట్ల గాలన్లు. మన లెక్కలో 21 కోట్ల లీటర్లు. ఎండాకాలం వీధిలోకి వచ్చే ట్రాక్టర్ ట్యాంకర్ 5,000 లీటర్లనుకుంటే 42 వేల ట్యాంకర్లు! అదీ నీళ్లలా ఉండదు, కొంత ఉప్పుగడ్డ, కొంత సంగటి కంటే జారుగా ఉండే బురద, పైన కొంత ద్రవం. 177లో 149 ట్యాంకులకి ఒకటే ఉక్కు పొర. అవి ఓ ఇరవై ఏళ్లకి అని కట్టినవి, ఇప్పుడు వాటి వయసు అరవై, డెబ్బై, ఎనభై. అందులో 67 ఎప్పుడో ఒకప్పుడు కారాయని లెక్క, నేలలోకి పోయింది దాదాపు పది లక్షల గాలన్లు. 2021లో కూడా ఒక ట్యాంకు కారుతోందని ప్రకటించారు. ఇది దాచిన విషయం కాదు, స్థానిక పేపర్లో మొదటి పేజీలో వచ్చింది.

అమ్మ అడిగినదానికి జవాబు అక్కడే ఉంది. ఊడ్చితే పోయే చెత్త కాదు కాబట్టే ముప్పై ఆరేళ్లు. 1989లో ఇంధన శాఖ, ఫెడరల్ పర్యావరణ సంస్థ, వాషింగ్టన్ రాష్ట్రం, ఈ ముగ్గురూ సంతకాలు చేసుకున్నారు, ఏ పని ఏ ఏడాదిలోపు చేయాలో రాసుకుని. గడువు దాటితే రాష్ట్రం కోర్టుకి పోతుంది, పోయింది కూడా.

మీ బావ బహుశా గాజు ఫ్యాక్టరీలోకి వస్తున్నట్టున్నాడు, ఇన్‌స్ట్రుమెంటేషన్ అన్నావు కాబట్టి. ట్యాంకులోని ద్రవాన్ని గాజు చేసే పదార్థాలతో కలిపి 1,150 డిగ్రీల దాకా వేడిచేసి, కరిగిందాన్ని స్టీలు డబ్బాల్లోకి పోస్తారు. చల్లారితే గాజు దిమ్మ. గాజైతే కారదు, నీళ్లలో కరగదు, అంతే లాభం. రేడియేషన్ ఏం తగ్గదు. కట్టడం 2002లో మొదలుపెట్టారు, అసలు వ్యర్థంతో పని మొదలైంది 2025 అక్టోబరులో. అదీ తక్కువ తీవ్రత ఉన్నదానికి మాత్రమే. బాగా ఘాటైన భాగానికి వేరే ప్లాంటు ఉంది, అది ఇంకా కడుతున్నారు.

నీళ్ల విషయం. రిచ్‌ల్యాండ్ తాగేది ఎక్కువగా కొలంబియా నీళ్లే. హ్యాన్‌ఫర్డ్ కింద భూగర్భజలంలో చెడు ఉంది, నిజమే. రియాక్టర్ పైపులు తుప్పు పట్టకుండా నీళ్లలో క్రోమియం ఉప్పు కలిపేవాళ్లు, అది దిగి నది వైపు కదులుతోంది. దాన్ని బోర్లతో పైకి తోడి, శుద్ధి చేసి, మళ్లీ భూమిలోకి పంపుతారు, ఏడాదికి దాదాపు 750 కోట్ల లీటర్లు. బోరు వేసి నీళ్లు తోడి, మళ్లీ భూమిలోకే పోసే ఊరు ఇదొక్కటే చూశా నేను! ఊరి నీళ్లని మున్సిపాలిటీ పరీక్షిస్తుంది, నది, చేపలు, పాలు, పంటలు రాష్ట్ర ఆరోగ్యశాఖ విడిగా పరీక్షించి రిపోర్టులు పెడుతుంది. నా ఇద్దరు పిల్లలూ ఇక్కడే పుట్టారు, మేం కుళాయి నీళ్లే తాగుతాం. నేను డాక్టర్‌ని కాదు, నా ధైర్యం నీకు రుజువు కాదు, కానీ నేనైతే ఇల్లు కొన్నా.

గుత్తికోట:

పొద్దుటూరన్న బాగా చెప్పాడు కానీ ఇల్లు కొన్నవాడు ఊరు బాగుందనే అంటాడు కదా, ఏమనుకోకన్నా.

తమ్ముడూ, ఆ "క్లీనప్" అనే మాటతోనే నాకు పేచీ. క్లీన్ అంటే మనకి అర్థమయ్యేది వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లినట్టు. డెన్వర్ పక్కన రాకీ ఫ్లాట్స్ అని ఒకటుంది, అక్కడ బాంబులకి ప్లుటోనియం గుండెకాయలు చేసేవాళ్లు. 1989లో ఎఫ్‌బీఐ వాళ్లే పోయి ఆ గవర్నమెంటు ఫ్యాక్టరీ మీద దాడి చేశారు, పర్యావరణ నేరాల మీద. గవర్నమెంటు మీద గవర్నమెంటు దాడి, మన దగ్గర ఊహించు! నడిపిన కంపెనీ తప్పు ఒప్పుకుని 1.85 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది. తర్వాత శుభ్రం చేయడానికి అంచనా వేస్తే 3,700 కోట్ల డాలర్లు, అరవై డెబ్బై ఏళ్లు అన్నారు. చివరికి 700 కోట్లతో 2005కే ముగించారు. ఎట్లా? పని తెలివిగా చేశారు, అది ఒప్పుకుంటా. కానీ ఇంకో కారణం, "ఎంత శుభ్రం" అన్నదాన్ని వాళ్లే ఖాయం చేసుకున్నారు. పై మూడడుగుల మట్టికి ఒక లెక్క, దాని కింద ఇంకో లెక్క, ఆరడుగుల కింద పునాదులు కొన్ని అట్లాగే వదిలేశారు. పైన గడ్డి మొలిచింది, జింకలు తిరుగుతున్నాయి, వన్యప్రాణి కేంద్రం అని బోర్డు పెట్టారు. అయినా చుట్టుపక్కల కొన్ని స్కూళ్ల బోర్డులు పిల్లల్ని అక్కడికి విహారయాత్రకి పంపం అని తీర్మానం చేశాయి.

హ్యాన్‌ఫర్డ్‌దీ పాత కథ వినండి. 1949 డిసెంబరులో ప్రయోగం కోసమని కావాలనే అయోడిన్-131ని గాలిలోకి వదిలారు. గాలి నుంచి గడ్డికి, గడ్డి నుంచి ఆవుకి, పాల నుంచి పిల్లల గొంతు గ్రంథికి. ఊళ్లవాళ్లకి ఈ సంగతి తెలిసింది 1986లో, ఒత్తిడి చేస్తే 19 వేల పేజీల కాగితాలు బయటపెట్టాక. ముప్పై ఏడేళ్ల తర్వాత! అక్కడి కొలతల మీద నాకు గొడవ లేదు, ఎప్పుడు చెప్తారన్నదే గొడవ.

ట్రైసిటీస్_పొద్దుటూరు:

ఇల్లు కొన్న మాట నిజమే, ఒప్పుకున్నా :) కానీ ఆ అయోడిన్ ఎనిమిది రోజులకి సగమవుతుంది. రియాక్టర్లు ఆగి ముప్పై ఎనిమిదేళ్లయింది, ఇప్పుడు పాలలో అది ఉండదు. వాళ్లక్క గురించి అడిగాడు కాబట్టి ఇది చెప్పాలి. పాత పాపం వేరు, ఇప్పటి ప్రమాదం వేరు, రెండూ కలిపి చెప్తే వాళ్లమ్మ ఇంకా భయపడుతుంది. ఇప్పటి ప్రమాదం ఊళ్లో కంటే లోపల పనిచేసేవాళ్లకే ఎక్కువ. ట్యాంకుల్లోంచి వచ్చే ఆవిర్లు పీల్చి జబ్బు పడ్డామని కార్మికులు ఏళ్ల తరబడి కొట్లాడారు, రాష్ట్రం, యూనియన్ కోర్టుకి పోయాయి. 2017లో ఒక పాత సొరంగం పైకప్పు ఇరవై అడుగుల మేర కూలింది. లోపల రేడియేషన్ పట్టిన రైలు పెట్టెలున్నాయి. వేల మందిని తలుపులు మూసుకుని లోపలే ఉండమన్నారు, మా పక్కింటాయన ఆ రోజు రాత్రి దాకా రాలేదు. బయటికేం రాలేదని తేలింది, తర్వాత సిమెంటు లాంటిది పోసి సొరంగం పూడ్చేశారు.

పెన్న_ఒడ్డు:

పిల్లి మట్టి కథ ఎవరూ చెప్పలేదేంటి? న్యూమెక్సికోలో ఉప్పు పొరలో 2,150 అడుగుల లోతున ఇలాంటి బాంబు ఫ్యాక్టరీల చెత్త డ్రమ్ములు పాతుతారు. డ్రమ్ములో తడి పీల్చడానికి మట్టితో చేసిన పిల్లి లిట్టర్, అంటే ఇంట్లో పెంచే పిల్లులు దొడ్డికి పోయే పెట్టెలో పోసే పొడి, వేసేవాళ్లు. ఒకసారి దాని బదులు గోధుమతో చేసింది వేశారు. నైట్రేట్ ఉప్పుతో అది రియాక్షనై, వేడెక్కి, 2014 ఫిబ్రవరిలో డ్రమ్ము పగిలింది. మూడేళ్లు మూతబడింది గని. సరుకు లిస్టులో ఒక్క మాట మారితే అంత పని. గడ్డివామిలో తడిగడ్డి పెడితే లోపల్లోపల రాజుకున్నట్టు అన్నమాట.

కందనవోలు_రిటైర్డ్:

నేను కెమిస్ట్రీ లెక్చరర్‌గా చేసి రిటైరైనవాణ్ణి, కర్నూలు. తమ్ముడు అడిగిన మూడో ప్రశ్నకి ఇంకా సరైన జవాబు రాలేదనిపించి రాస్తున్నా.

బట్టకి మరక పడితే సబ్బు దాన్ని విడదీసి నీళ్లలోకి పంపుతుంది, మనం శుభ్రమైంది అంటాం. మరక ఎక్కడికి పోయింది? కాలువలోకి. రేడియోధార్మికతకీ అంతే, కాకపోతే ఆ కాలువ ఏదో నువ్వే చూపించాలి. ఏ సబ్బూ, ఏ యాసిడూ, ఏ మంటా ఆ పరమాణువుని మార్చదు. సీజియం, స్ట్రాన్షియం దాదాపు 30 ఏళ్లకి సగమవుతాయి, ప్లుటోనియం 24 వేల ఏళ్లకి. కాబట్టి వీళ్లు చేసేది నాలుగే పనులు: తీసి ఇంకో చోట పెట్టడం, కదలకుండా గడ్డకట్టించడం, పైన మూతేయడం, కంచె వేసి కాపలా కాయడం. హ్యాన్‌ఫర్డ్ రియాక్టర్లలో చాలావాటికైతే మూడో పని చేశారు, చుట్టూ కట్టడాలు కూల్చి, మధ్యలో గుండెకి ఉక్కు కప్పు తొడిగి, రేడియేషన్ తగ్గేదాకా ఉండనీ అని డెబ్బై ఐదేళ్లు పక్కన పెట్టారు. మొదటిదాన్ని మాత్రం మ్యూజియం చేశారు. అమెరికాలో ఇలా శుభ్రం చేయాల్సిన మొత్తం 107 చోట్లలో 92 అయిపోయాయని వాళ్ల లెక్క. ఆ అయిపోయిన చోట్లలో చాలావాటికి ఇప్పటికీ కాపలా ఉంది, బోర్లలో నీళ్లు తీసి చూస్తూనే ఉంటారు. మిగిలిన పదిహేనూ కష్టమైనవి, హ్యాన్‌ఫర్డ్ అందులో పెద్దది.

మన వైపువాళ్లు తెలుసుకోవాల్సింది హ్యాన్‌ఫర్డ్ కంటే గ్రాండ్ జంక్షన్ అనే ఊరి సంగతి అని నా అభిప్రాయం. కొలరాడోలో ఉంది. అక్కడ యురేనియం మిల్లు ఉండేది. రాయి పొడిచేసి యురేనియం తీశాక మిగిలింది సన్నటి బూడిదరంగు ఇసుక, చూడటానికి ఎంత బాగుంటుందో. ఊరికే ఇస్తామంటే మేస్త్రీలు ట్రక్కులతో తోలుకుపోయి ఇళ్ల పునాదుల్లో, కాంక్రీటులో, పిల్లల ఆటస్థలాల్లో వాడేశారు. యురేనియం తీసేస్తే పని అయిపోయిందనుకుంటాం, కానీ రాయిలోని రేడియోధార్మికతలో ఎనభై ఐదు శాతం దాకా ఆ ఇసుకలోనే ఉండిపోతుంది, రేడియం, థోరియం రూపంలో. దాంట్లోంచి రేడాన్ వాయువు వస్తుంది, తలుపులేసుకున్న ఇంట్లో నిలుస్తుంది. 1978లో చట్టం చేసి, గవర్నమెంటు నాలుగు వేలకు పైగా స్థలాల్లో పునాదులు తవ్వి ఆ ఇసుక తీసింది. ఒక్క ఊళ్లో! యూటాలో మోయాబ్ దగ్గర నది ఒడ్డున 1.6 కోట్ల టన్నుల గుట్ట ఉంటే 2009 నుంచి రైల్లో ముప్పై మైళ్ల అవతలికి తోలారు.

మన తుమ్మలపల్లె రాయిలో టన్నుకి అరకిలో యురేనియం కూడా రాదు. అంటే తవ్విన రాయి దాదాపు మొత్తం టెయిలింగ్ పాండ్‌కే, అంటే ఆ మిగులు పొడిని నిలవేసే చెరువుకే, పోతుంది. ఎవరినీ తప్పుపట్టడానికి రాయడం లేదు, ఇది లెక్క. గని మూతబడిన రోజు ఆ పాండ్‌ని ఎవరు, ఎన్నేళ్లు, ఎవరి డబ్బుతో చూస్తారు అనేది గని నడుస్తున్నప్పుడే కాగితం మీద ఉండాలి. 2024లో కప్పట్రాళ్ల అడవిలో యురేనియం కోసం బోర్లు వేస్తారంటే దేవనకొండ వైపు ఊళ్లు రోడ్డెక్కాయి. అప్పుడు నన్ను ఒక కుర్రాడు "సార్, తవ్వాక మళ్లీ క్లీన్ చేస్తారు కదా" అని అడిగాడు. ఆ మాటకి జవాబే పైన రాసిందంతా.

తమ్ముడూ, మీ బావని "సేఫేనా" అని అడగకు, సేఫే అంటాడు. "ఏ ఏరియా, ఏ భవనం, నెలకి నీ డోసు రీడింగ్ ఎంత, అది నీకిస్తారా" అని అడుగు.

కడప_తమ్ముడు:

అన్నలకీ, సార్‌కీ చాలా థ్యాంక్స్. రాత్రి మొత్తం అమ్మకి చదివి వినిపించా. ట్యాంకర్ల లెక్క దగ్గర ఆపి మళ్లీ చదవమంది. గాజు సంగతికి "బెల్లం పాకం అచ్చుల్లో పోసినట్టా?" అంది, అవునన్నా. పాకం ఉడికించేచోటే కదా అల్లుడు నిలబడేది అని మళ్లీ మొదలుపెట్టింది.

ఆమె కొత్త ప్రశ్న ఒకటి, ఎవరైనా చెప్పండి. బావ ఆ బట్టలతోనే ఇంటికొస్తాడా? మా తాత పురుగుల మందు కొట్టి వచ్చిన రోజు వాకిట్లోనే పంచె, చొక్కా విప్పేసేవాడంట, బిందెడు నీళ్లు పోసుకున్నాకే పిల్లల్ని దగ్గరికి రానిచ్చేవాడంట. చంటిబిడ్డ ఉండే ఇల్లు కదా అని అడుగుతోంది.

ట్రైసిటీస్_పొద్దుటూరు:

మీ తాతకి ఇక్కడివాళ్ల కంటే ముందే తెలుసు. కలుషితమైన ఏరియాలోకి పోయేవాళ్లకి బట్టలు వాళ్లే ఇస్తారు, పని అయ్యాక అక్కడే విప్పాలి, వాటిని ఇంటికి తెచ్చుకోనివ్వరు. బయటికొచ్చేటప్పుడు చేతులు, కాళ్లు, బూట్లు మిషన్‌తో చూస్తారు, మోగితే కదలనివ్వరు. డోసు కొలిచే బ్యాడ్జి ఛాతీ మీద ఉంటుంది, రీడింగులు రికార్డులో ఉంటాయి, అడిగితే ఇవ్వాలి. కంట్రోల్ రూమ్‌లో కూర్చునే ఇంజనీరైతే ఇవేవీ రోజూ ఉండవు. అందుకే సార్ చెప్పిన "ఏ భవనం" ప్రశ్న ముఖ్యం.

ఇంకోటి, అక్కకి చెప్పు: పెద్ద గాలి వచ్చినప్పుడు ముళ్లతుప్పలు బంతుల్లా దొర్లుకుంటూ వచ్చి కంచెలకి తగులుకుంటాయి. మా పెరట్లోకి వచ్చేవి మామూలివే. సైట్ లోపలివి మాత్రం, వేర్లు లోతుకి దిగి పాత వ్యర్థం పీల్చుకునే రకం కాబట్టి, వాటిని ఏరి పడేయడానికి విడిగా మనుషులున్నారు.

గుత్తికోట:

రిచ్‌ల్యాండ్ హైస్కూల్ టీమ్ పేరు బాంబర్స్, గుర్తు పుట్టగొడుగు మబ్బు. ఇది చెప్పకండి అమ్మకి.

కడప_తమ్ముడు:

ఆలస్యమైందన్నా, పక్కనే కూర్చుని వింటోంది. "పిల్లల చొక్కా మీదనా?" అని ఒక్క మాట అని లేచి పోయింది.

బావకి సార్ ప్రశ్నలన్నీ వాట్సాప్‌లో పెట్టా. "డోసు రీడింగ్ ఇస్తారు, నీకూ ఫోటో పంపుతా" అన్నాడు. అక్క ఇల్లు సైట్‌కి దూరంగా కెన్నెవిక్‌లో చూద్దామంటోంది, పొద్దుటూరన్నా, మీకు మెసేజ్ చేస్తుంది. భవనం ఏదన్న దానికి మాత్రం బావ నుంచి ఇంకా జవాబు రాలేదు, చేరాక చెప్తారంట. తెలిస్తే ఇక్కడే పెడతా.